అక్షరం కన్నా ముందు మాట: టీసీఎస్ వయోజన సాక్షరతా సాఫ్ట్‌వేర్

వయోజన విద్య అనగానే పలకా బలపం, రాత్రి బడి, లాంతరు గుర్తుకు వచ్చేవారికి టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ రూపొందించిన కంప్యూటర్ ఆధారిత సాక్షరతా కార్యక్రమం కొంత వింతగానే కనిపిస్తుంది. ఆ సంస్థ తొలి సీఈఓ ఫకీర్ చంద్ కోహ్లీ చొరవతో 2000లో ఆరంభమైన ఈ ప్రయత్నం మొదట అడుగుపెట్టింది తెలుగులోనే, అదీ హైదరాబాద్ శివార్లలోని బీరంగూడలో. గుణింతాలూ వత్తులూ దాటేసరికే అలసిపోయే పెద్దవారికి, తాము రోజూ పలికే మాటను బొమ్మతో, ధ్వనితో కలిపి తెరపై చూపి, ఆ మాటలోంచే అక్షరాలను విడదీసి గుర్తుపట్టించడం దీని పద్ధతి. జాతీయ సాక్షరతా మిషన్ వాచకాలనే ఆధారంగా తీసుకోవడం వివేకమైన నిర్ణయం. సుమారు 40 నుంచి 50 గంటల్లో చదవడం పట్టుబడుతుందని సంస్థ చెబుతుంది. పాఠం కంప్యూటరే చెబుతుంది కనుక శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు తప్పనిసరి కాదు.

నా దృష్టిలో లోటంతా రాత విషయంలోనే ఉంది. చదవడానికే ప్రాధాన్యమిచ్చినందువల్ల వేగం వచ్చిన మాట నిజమే కానీ, బ్యాంకు కాగితంపై వేలిముద్ర మానుకోవాలనుకునేవారికి (మన ఊళ్లలో రాత్రి బడికి రప్పించేది తరచుగా ఆ కోరికే) చదివే నేర్పు ఒక్కటే చాలదు. అందువల్ల రాత, లెక్కలు నేర్పే మామూలు తరగతికి దీనిని జోడించి వాడుకోగల స్వచ్ఛంద సంస్థలకే నేను సిఫారసు చేస్తాను.