'గన్ క్లీనర్' అని అమ్ముతున్న ఆ నీలం లేబుల్ సీసా కొనకండి: వైజాగ్‌లో లైసెన్స్ గన్ ఉన్నవాళ్లకు హెచ్చరిక

వైజాగ్‌లో లైసెన్స్ తుపాకీ ఉన్నవాళ్లందరూ, ముఖ్యంగా నాలాగా ఆర్మీ నుంచి రిటైరై బ్యాంకుల దగ్గర, క్యాష్ వ్యాన్ల మీద సొంత గన్‌తో డ్యూటీ చేసే అన్నలూ తమ్ముళ్లూ, దయచేసి ఇది చివరిదాకా చదవండి. "క్లీనర్, ఆయిల్, రస్ట్ ప్రొటెక్టర్ మూడూ ఒకే దాంట్లో" అని రాసి, పైన తుపాకీ బొమ్మ వేసి, నీలం లేబుల్‌తో ఒక సీసా అమ్ముతున్నారు. నేను పూర్ణా మార్కెట్ దగ్గర ఒక షాపులో కొన్నాను, అదే సీసా ఆన్‌లైన్‌లో కూడా కనిపించింది. అందులో ఉన్నది నూనె కాదు, తుప్పు వదలగొట్టే యాసిడ్. నా డబుల్ బ్యారెల్ మీద ఉన్న బ్లూయింగ్‌ను, అంటే తుప్పు నుంచి కాపాడే నల్ల పొరను, సగానికి పైగా తినేసింది.

జరిగింది ఇది. వానాకాలం మొదలయ్యే ముందు గన్‌ను బాగా శుభ్రం చేసి ఆయిల్ పట్టించడం నాకు సర్వీసులో ఉన్నప్పటి నుంచీ అలవాటు. నేను ఎప్పుడూ వాడే ఆయిల్ అయిపోయింది, షాపులో అడిగితే ఇంపోర్టెడ్ సరుకు, నేవీ వాళ్లు కూడా ఇదే పట్టుకెళ్తారు అని ఈ సీసా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి సీసా మీద రాసినట్టే గుడ్డకు అద్ది బ్యారెళ్లు తుడిచాను. గుడ్డ గోధుమ రంగులోకి తిరిగింది, ముక్కుకు కాస్త పుల్లగా, ఘాటుగా వాసన తగిలింది. పాత మురికి వదులుతోంది, అందుకే గుడ్డ రంగు మారింది అనిపించేలాగే ఉంటుంది అది. ఆరిన తర్వాత లైటు కింద చూస్తే నల్లగా నిగనిగలాడాల్సిన బ్యారెల్ బూడిద రంగులో మచ్చలు మచ్చలుగా ఉంది. తెల్లారేసరికి ఆ మచ్చల మీద ఎర్రటి పొడి. వేలితో రాస్తే వేలికి అంటుకుంది.

ఎందుకలా అయిందో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. బ్లూయింగ్ అంటే పెయింటో పాలిషో కాదు. ఇనుము మీద కావాలని పుట్టించే నల్ల ఆక్సైడ్ పొర, మాగ్నటైట్ అంటారు. ఎర్ర తుప్పు కూడా ఇనుము ఆక్సైడే. అందుకే తుప్పును కరిగించే యాసిడ్, అది ఫాస్ఫారిక్ అయినా ఇంట్లో వాడే వెనిగర్ అయినా, తుప్పుతో పాటు బ్లూయింగ్‌నూ కరిగించేస్తుంది. గేట్లకూ నట్లు బోల్టులకూ పనికొచ్చే సరుకుని తుపాకీ బొమ్మ అంటించి గన్ క్లీనర్ అని అమ్మడం ఎంత దారుణమో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. పొర పోయాక బయటపడే పచ్చి ఇనుము మన సముద్రం గాలిలో ఒక్క రాత్రి కూడా ఆగదు. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ల కిటికీ గ్రిల్స్ చూడండి, బీరువా తాళాలు చూడండి. ఆ ఉప్పు గాలే మన బ్యారెల్‌నూ తగులుతోంది.

సరే, మళ్లీ బ్లూయింగ్ చేయిద్దాం అనుకుంటే అసలు కష్టం అక్కడ మొదలైంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది వేడి బ్లూయింగ్, కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన నీళ్లను నూట నలభై డిగ్రీల దాకా కాచి అందులో ముంచుతారు. సింగిల్ బ్యారెల్‌కి అది ఫర్వాలేదు. డబుల్ బ్యారెల్‌లో రెండు గొట్టాలనూ, మధ్యలో ఉండే రిబ్ అనే ఇనుప పట్టీనీ మెత్తని టంకంతో అతికించి ఉంటారు, ఆ కాస్టిక్ ద్రావణం టంకాన్ని తినేస్తుంది, రిబ్ ఊడొచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి డబుల్ బ్యారెల్‌కి పాత పద్ధతిలో నెమ్మదిగానే చేయాలి. ముందు సన్నగా తుప్పు పట్టించి, మరుగుతున్న నీళ్లలో వేసి ఆ ఎర్ర పొరను నల్లగా మార్చి, మెత్తని తీగ బ్రష్‌తో రుద్ది, రంగు దిగేదాకా మళ్లీ మళ్లీ అదే చేయాలి. ఈ పని తెలిసిన చేతులు ఇప్పుడు చాలా తక్కువ. పైగా ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వలేం, ఆయుధాలు రిపేర్ చేసే లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి, రసీదు రాయించుకోవాలి.

రిపేరుకి ఇచ్చిన గన్ అక్కడ ఉన్నన్నాళ్లూ నాకు డ్యూటీ లేదు. ఏజెన్సీ వాళ్లు గన్ లేకుండా గన్‌మ్యాన్‌ని పెట్టుకోరు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు. జీతం ఆగింది, రిపేరు ఖర్చు మీద పడింది. నాలుగు వందల రూపాయల సీసా ఒక కుటుంబాన్ని ఇంత ఇబ్బంది పెట్టిందంటే నమ్మండి, అందుకే ఇంత కోపంగా రాస్తున్నా.

తర్వాత ఆ సీసాను పరీక్షించాను. పళ్లెంలో కాస్త వంటసోడా వేసి దాని మీద కొన్ని చుక్కలు పోస్తే బుస్సుమని పొంగింది. గన్ ఆయిల్ ఏదైనా సరే అలా పొంగకూడదు, పొంగిందంటే యాసిడ్ ఉన్నట్టే. ఇంకో పరీక్ష ఇంతకంటే మంచిది. హార్డ్‌వేర్ షాపులో నల్లటి అలెన్ బోల్ట్ దొరుకుతుంది, ఖరీదు చాలా తక్కువ. దాని నలుపు కూడా మన బ్లూయింగ్ లాంటి ఆక్సైడ్ పొరే. కొత్తగా ఏ సీసా కొన్నా ముందు ఆ బోల్ట్ మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తుడిచినప్పుడు నలుపు పోయి తెల్లగా కనిపిస్తే ఆ సీసా గన్ దగ్గరకు కూడా రానివ్వొద్దు.

లేబుల్ కూడా చూడండి. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదైనా తయారుచేసినవాళ్ల లేదా దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఎంత పరిమాణం, ఏ నెల ఏ సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి నంబర్ ఉండాలి, దిగుమతి అయితే ఏ దేశానిదో కూడా ఉండాలి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్పేది ఇదే. నేను కొన్న సీసా మీద వీటిలో ధర స్టిక్కర్, ఒక విదేశీ పేరు తప్ప ఇంకేమీ లేవు. లోపల ఏముందో ఒక్క ముక్క రాయలేదు.

మరి ఏం వాడాలి అని అడుగుతారు కాబట్టి నాకు తెలిసింది చెప్తా. మన గార్డులం కాల్చేది తక్కువ, మోసేది ఎక్కువ. ఎప్పుడో ప్రాక్టీసుకి కొన్ని కార్ట్రిడ్జ్‌లు (తూటాలు) కాల్చడం తప్ప బ్యారెల్ లోపల మసి పెద్దగా ఉండదు. కాబట్టి మనకు కావాల్సింది ఘాటైన సాల్వెంట్ కాదు, తుప్పును ఆపే మంచి ఆయిల్. బాలిస్టాల్ జర్మనీలో 1904 నుంచి ఉంది, కొంచెం క్షార గుణం ఉన్న నూనె, ఇనుముకూ కర్రకూ తోలుకూ హాని చేయదు. హాప్స్ నంబర్ 9 అమెరికా సరుకు, 1903 నుంచి ఉంది, అది మాత్రం బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) లోపలి మసి, సీసం వదలడానికి, దాంతో శుభ్రం చేశాక తుడిచి వేరే ఆయిల్ పట్టించాలి. సీఎల్‌పీ అని దొరికేవి శుభ్రం, లూబ్రికేషన్, రక్షణ మూడూ చేస్తాయి, కాకపోతే అసలైనదో కాదో చూసుకుని, బిల్లు ఇచ్చే లైసెన్స్ ఆర్మ్స్ డీలర్ దగ్గరే కొనండి. ఇవేవీ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె కూడా ఫర్వాలేదు, పలచగా ఉంటుంది కాబట్టి తొందరగా పోతుంది, తరచుగా పూస్తుండాలి.

డబ్ల్యూడీ-40 గురించి చాలామంది అడుగుతారు. అది చెడ్డది కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తేమను తరిమేయడానికి తయారుచేశారు, ఆ పనికి బాగుంటుంది. వానలో తడిసొచ్చిన గన్ మీద కొట్టి తుడవండి. కానీ దాంట్లో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలే పొర చాలా పలచన, మన ఊళ్లో నెలల తరబడి గన్ కాపాడటానికి అది ఒక్కటే సరిపోదు. కిరోసిన్ కూడా అంతే, మురికి వదులుతుంది, రక్షణ ఇవ్వదు. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకట్టి యాక్షన్‌లో (గన్ తెరిచి, మూసి, పేల్చే మెకానిజంలో) పేరుకుంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అస్సలు వద్దు. ఇత్తడి సామాను మెరిపించే పాలిష్‌లు బ్యారెల్‌కి రాయొద్దు, వాటిలో రాపిడి పొడి ఉంటుంది, బ్లూయింగ్ అరిగిపోతుంది.

ఏ ఆయిల్ అయినా ఎక్కువ పూస్తే మంచిది అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. పల్చటి పొర చాలు. ఫైరింగ్ పిన్ (కార్ట్రిడ్జ్‌ను కొట్టి పేల్చే ముల్లు) రంధ్రాల్లో పోసేస్తే అది దుమ్ముతో కలిసి ముద్దై అవసరమైన రోజు దెబ్బ గట్టిగా పడదు. ఛాంబర్ (బ్యారెల్‌లో కార్ట్రిడ్జ్ కూర్చునే చోటు) ఎప్పుడూ పొడిగా తుడిచాకే లోడ్ చేయాలి, ఆయిల్ ప్రైమర్‌లోకి, అంటే కార్ట్రిడ్జ్ అడుగున నిప్పు పుట్టించే భాగంలోకి, దిగితే కార్ట్రిడ్జ్ పేలకపోవచ్చు. మూతి పైకి పెట్టి నిలబెట్టి దాచితే యాక్షన్‌లోని ఆయిల్ మెల్లగా బట్‌లోకి (భుజానికి ఆనించే కర్రలోకి) దిగి కర్ర మెత్తబడుతుంది, అందుకే మూతి కిందికి పెట్టి దాచడం లేదా పడుకోబెట్టడం మంచిది. తోలు కవర్‌లో, గుడ్డ సంచిలో నెలల పాటు ఉంచొద్దు, అవి తేమ పట్టి ఉంచుతాయి. సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి అప్పుడప్పుడు వేడి చేసి ఆరబెట్టుకోండి. శుభ్రం చేయడానికి కూర్చునే ముందు గన్ మడత దగ్గర తెరిచి రెండు ఛాంబర్లూ ఖాళీ అని కళ్లతో, వేలితో చూసుకోవడం, కార్ట్రిడ్జ్‌లు వేరే గదిలో పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నా.

ఇంకో విషయం, ఇది బ్యాంకు డ్యూటీ వాళ్లకు. రోజంతా ఏసీ బ్రాంచిలో ఉన్న గన్ చల్లగా ఉంటుంది. సాయంత్రం బయటికి రాగానే మన ఉక్కపోత గాలికి బ్యారెల్ మీద నీటి చెమ్మ పడుతుంది, కంటికి కనిపించకపోయినా పడుతుంది. అలాగే కవర్‌లో పెట్టి ఇంటికి తీసుకెళ్తే లోపలే తుప్పు. ఇంటికి చేరగానే పొడిగుడ్డతో తుడిచి, ఆయిల్ గుడ్డతో ఒకసారి రాస్తే చాలు. చేతి చెమటలో కూడా ఉప్పే ఉంది, పట్టుకున్న చోట ముందు తుప్పు పట్టేది అందుకే.

ఎన్నికలప్పుడు గన్ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసేవాళ్లు కూడా ఇది గమనించండి. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ 4న కౌంటింగ్ అయ్యేదాకా చాలామంది గన్‌లు స్టేషన్లలోనే ఉన్నాయి, ఎండాకాలం ఉక్క అంతా వాటి మీదే. గాజువాకలో ఉండే మా స్నేహితుడి సింగిల్ బ్యారెల్ తిరిగొచ్చేసరికి తుప్పు చుక్కలు. అలాంటప్పుడే కంగారులో ఇలాంటి సీసాలు కొనేస్తారు. పైపైన ఉన్న తుప్పుకి యాసిడ్ అక్కర్లేదు. మంచి ఆయిల్ బాగా పూసి ఒక రాత్రి నానబెట్టి, నాలుగు సున్నాల (0000, చాలా సన్నటి) స్టీల్ ఊల్‌కి కూడా ఆయిల్ అద్ది, చేయి తేలిగ్గా పెట్టి రుద్దితే చాలావరకు పోతుంది, బ్లూయింగ్ మిగులుతుంది. డిపాజిట్ చేసే ముందే బ్యారెల్ లోపలా బయటా ఆయిల్ పట్టించి ఇవ్వండి, రసీదులో గన్ కండిషన్ రాయించుకోండి.

ఆ షాపుకి తిరిగి వెళ్లాను. సీసా మేం తయారుచేయలేదు, వచ్చింది అమ్ముతాం అన్నారు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. బిల్లు, సీసా, బ్యారెల్ ఫోటోలు పెట్టి 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, సరుకు విలువ అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఇదే సీసా ఉంటే పారేయకండి, మూత గట్టిగా పెట్టి పిల్లలకు అందకుండా దాచండి, బిల్లు పక్కన పెట్టండి, లేబుల్ ఫోటో తీయండి. ఇప్పటికే బ్యారెల్‌కి రాసి ఉంటే వంటసోడా కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడవండి, తర్వాత మంచినీళ్ల గుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో, రిబ్ అంచుల్లో ఏమీ మిగలకుండా పూర్తిగా ఆరబెట్టి వెంటనే ఆయిల్ పూయండి. ఈ పని ఈరోజే చేయండి, రేపటికి ఉంచొద్దు. ఫిర్యాదులు ఎక్కువమంది చేస్తే ఆ సరుకు ఎక్కడ నింపుతున్నారో బయటికి లాగడం తేలికవుతుంది, కాబట్టి మీకు జరిగింది కూడా 1915లో నమోదు చేయండి.