దూరం నమ్మొచ్చు, టైమ్ నమ్మొద్దు: విమాన దూరం చెప్పే సైట్ మీద రివ్యూ

రెండు నగరాల పేర్లు కొడితే మధ్య దూరం ఎంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది అని చెప్పే సైట్లు చాలా ఉన్నాయి కదా, అందులో నేను తరచూ వాడే ఒకదాని గురించి రాస్తున్నాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఉన్న లోపం ఇలాంటి మరికొన్నింటిలోనూ కనిపించింది.

ముందు మంచి సంగతి. దూరం విషయంలో సైట్ చాలా బాగుంది. సింగపూర్, న్యూయార్క్ అని ఇస్తే 15,300 కిలోమీటర్ల పైచిలుకు చూపిస్తుంది, అది సరైనదే. మ్యాప్ మీద గీత కూడా గీస్తుంది. న్యూయార్క్ నుంచి టోక్యోకి గీత అలాస్కా మీదుగా వంకరగా పోతుంటే సైట్ తప్పు చూపిస్తోందని కొందరు కామెంట్లు పెట్టారు, కానీ తప్పు సైట్‌ది కాదు. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగి చూడండి, అది కూడా అలాగే ఉత్తరానికి పోతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి తెస్తే దగ్గరి దారే వంకరగా కనిపిస్తుంది. కిలోమీటర్లు, మైళ్లు, నాటికల్ మైళ్లు (ఓడలు, విమానాలకి వాడే కొలత) మూడూ విడివిడిగా ఇవ్వడం ఇంకా నచ్చింది. మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852, రెండూ ఒకటే అనుకుంటే పెద్ద దూరాల్లో వేల కిలోమీటర్లు తేడా వచ్చేస్తుంది.

ఇక టైమ్. ఇక్కడే నాకు నిజంగా కోపం వస్తుంది. దూరాన్ని ఏదో ఒకే వేగంతో భాగించి, టేకాఫ్ ల్యాండింగ్‌లకి ఓ అరగంట కలిపేసి ఇదే ప్రయాణ సమయం అని గంటలు నిమిషాలతో సహా చెప్పేస్తుంది. న్యూయార్క్ నుంచి లండన్‌కి ఎంతో, లండన్ నుంచి న్యూయార్క్‌కీ అంతే. అలా ఎలా కుదురుతుంది? అంత ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ గాలి వీస్తుంది, అటు వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే ఎయిర్‌లైన్ల టైమ్‌టేబుల్‌లో వెళ్లడానికి ఏడు గంటలుంటే రావడానికి ఎనిమిది దాకా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం తుఫాను గాలి తోడై న్యూయార్క్ నుంచి లండన్‌కి ఐదు గంటల లోపే చేరిపోయింది.

ఇంతకంటే పెద్ద తప్పు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి, టోక్యో దగ్గర. సైట్ ఇప్పటికీ తొమ్మిదిన్నర గంటలకు అటూఇటూగా చెబుతుంది. 2022లో రష్యా గగనతలం యూరప్ ఎయిర్‌లైన్లకి మూసేశాక ఫిన్లాండ్ ఎయిర్‌లైన్ అయిన ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణంగా తిరిగో వెళ్లాల్సి వస్తోంది, పన్నెండు పదమూడు గంటలు పడుతోంది. లండన్, సిడ్నీ కొడితే ఇరవై గంటల చిల్లర అంటుంది, ఎక్కడా దిగకుండా వెళ్లే సర్వీసు ఉన్నట్టే. వయసైన అమ్మానాన్నల్ని పంపేవాళ్లు ఆ అంకె చూసి ప్లాన్ వేస్తే ఎంత టెన్షనో!

దూరానికి ఐదుకి ఐదు, టైమ్‌కి రెండు. రెండు నగరాల్లో ఇప్పుడు టైమ్ ఎంతో పక్కపక్కనే చూపించడం మాత్రం బాగా పనికొస్తుంది. కనెక్టింగ్ ఫ్లైట్‌కైనా, ఎయిర్‌పోర్టుకి ఎదురెళ్లడానికైనా ఎయిర్‌లైన్ టైమ్‌టేబులే చూడండి, రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లే సమయం కూడా అందులో కలిసే ఉంటుంది. సైట్ వాళ్లని అడిగేది ఒక్కటే: వెళ్లే టైమ్, వచ్చే టైమ్ విడిగా ఇవ్వండి, నేరుగా వెళ్లే విమానం లేకపోతే ఆ ముక్క పైనే రాయండి.