మాల్టు బీరు రుచి చూడాలంటే: అనంతపురం, కర్నూలు నుంచి బెంగళూరుకు ఒక రాత్రి

మన షాపుల్లో స్ట్రాంగ్ అని అమ్మే బీరు వేరు, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) దండిగా పడిన స్ట్రాంగ్ బీరు వేరు. దేశంలో ఉన్న నిబంధనల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం దాటి 8 శాతం దాకా ఉంటే అది స్ట్రాంగే. ఆ శాతం చక్కెర, బియ్యం, మొక్కజొన్నతో తెచ్చినా వస్తుంది. అవి దాదాపు మొత్తం పులిసి ఆల్కహాల్ అయిపోతాయి కాబట్టి నోట్లో పలచగా, గొంతులో ఘాటుగా తగులుతుంది. జర్మనీ వాళ్ళ డాపెల్‌బాక్ లాంటి రకానికి 100 లీటర్లకు 26 కిలోల పైనే మాల్టు పడుతుంది, మామూలు లాగర్‌కు (షాపుల్లో దొరికే లేతరంగు బీరు) 17 కిలోలు చాలు. ఎక్కువ వేడిలో ఆరబెట్టే మ్యూనిక్ మాల్టు నుంచి వచ్చే తీపి, కాల్చిన వాసన పులిసినాక కూడా నిలుస్తాయి.

2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్ళీ తెరిచినాక మన జిల్లాల్లో బ్రాండ్లు పెరిగిన మాట నిజమే. కానీ ఎక్కువగా దొరికేవి లాగర్లే, అందుకని దీనికోసం ఊళ్ళో షాపు షాపుకూ తిరగడం దండగ. కర్నూలు వాళ్ళకు హైదరాబాదే దగ్గర. అయినా బెంగళూరే మేలు. అక్కడ మైక్రోబ్రూవరీలు (బీరు అక్కడే తయారుచేసి పోసే బార్లు) 2010, 2011 నుంచే ఉన్నాయి, ఒక చోట అనుకున్న రకం లేకపోతే పక్క వీధిలో ఇంకొకటి ఉంటుంది.

కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ కర్నూలు, అనంతపురంలో ఆగి మధ్యాహ్నం 2 ప్రాంతంలో యశ్వంతపూర్ చేరుస్తుంది. స్టేషన్ పక్కనే గ్రీన్ లైన్ మెట్రో ఉంది. మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కు మారితే నేరుగా ఇందిరానగర్. కడప వాళ్ళు రాయచోటి, మదనపల్లె మీదుగా బస్సులో రావాలి. కారైతే తాగని డ్రైవరు ఉంటేనే. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్‌కు మించి ఒప్పుకోదు, 8 శాతం బీరు రెండు గ్లాసులకే ఆ గీత దాటొచ్చు.

రూము మెజెస్టిక్ దగ్గర చవక. కానీ రాత్రి 11 దాటితే మెట్రో ఉండదు, ఆటోవాళ్ళు మీటరు వేయరు. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డు మీది హోటళ్ళు ఖరీదెక్కువ, రోడ్డు వైపు రూమైతే నిద్ర కూడా పట్టదు. ఒక్క స్టేషన్ ముందు దిగే హలసూరు మధ్యేమార్గం. గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారో బుక్ చేసేటప్పుడే అడగాలి. రాత్రికి రాత్రే బస్సెక్కి వెనక్కి వచ్చేద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: బీరు తాగి బాత్రూం లేని బస్సులో ఐదు గంటలు కూర్చోవడం శిక్షే.

ఇందిరానగర్‌లోని టోయిట్ మెట్రోకు నడిచేంత దూరం, రుచుల్లో నిలకడ ఎక్కువ. శని, ఆదివారాలు సాయంత్రం 6 దాటితే క్యూలో నిలబడాలి. వైట్‌ఫీల్డ్‌లోని విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ నింపాదిగా కూర్చునే చోటు, పుస్తకాలు, జాజ్ సంగీతం ఉంటాయి. 2023 నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో ఉన్నా హలసూరు నుంచి దూరమే. ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోన్ చేసి "బాక్, డాపెల్‌బాక్, డబెల్, స్కాచ్ ఏల్, వీటిలో ఈ వారం ట్యాప్ మీద ఏముంది?" అని అడగాలి. ఇవన్నీ మాల్టు ముందుండే రకాలే. గోధుమతో చేసే వీట్ బీరు రెండు వారాల్లో తయారవుతుంది. డాపెల్‌బాక్ రెండు నెలలు చల్లని ట్యాంకులో మగ్గాలి. అన్నాళ్ళు ఒక ట్యాంకు కట్టిపడేయడం యజమానికి నష్టం, అందుకే అది ఏడాది పొడుగునా దొరకదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే మార్జెన్ దొరకొచ్చు, 6 శాతం దగ్గర ఉండే మాల్టు రకం అది.

ముందు చిన్న శాంపిల్ అడగండి, చాలా చోట్ల ఇస్తారు. పెద్ద మగ్గు వద్దు, 300 మిల్లీలీటర్ల గ్లాసు చాలు. ట్యాప్ నుంచి వచ్చేటప్పుడు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి వాసన బయటికి రాదు. పది, పదిహేను నిమిషాలు అరచేతుల మధ్య పట్టుకుంటే 10–12 డిగ్రీలకు వస్తుంది. అప్పుడు లైటుకు ఎత్తి చూస్తే ముదురు గోధుమరంగు అంచున ఎరుపు కనబడాలి, నురగ గోధుమపాల రంగులో ఉండాలి. మొదటి వాసన బ్రెడ్ పైపొరది, తర్వాత ఎండు ఖర్జూరం, బెల్లంపాకం. గుటక దిగినాక ఛాతీలో వెచ్చదనం ఉండాలి కానీ మంట ఉండకూడదు. మంటైతే వేడి వాతావరణంలో ఈస్టును అదుపు తప్పనిచ్చారని అర్థం.

వెన్న వాసన వస్తే పులియడం చివర్లో 16–18 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆపకుండా తొందరపడి చల్లబరిచారు. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే వంటలో మరుగు చాలలేదు. తడి అట్టపెట్టె వాసన అయితే గాలి తగిలింది. పుల్లగా ఉంటే పైపులు కడగలేదు లేదా సూక్ష్మజీవి చేరింది. వీటిలో ఏదున్నా గ్లాసు మార్చమనడానికి మొహమాటం అక్కర్లేదు, సగం తాగినాక మాత్రం ఎవరూ మార్చరు.

తినడానికి వేయించిన మాంసం, వేరుశనగలు కుదురుతాయి. కారం బాగా ఉన్న స్టార్టర్ వద్దు. మనకు అలవాటే కదా అని చెప్పినా, ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచి మాల్టు తీపిని మింగేస్తుంది. మధ్యలో నీళ్ళు సరిసమానంగా తాగాలి. వయసు రుజువుకు ఆధార్ దగ్గర పెట్టుకోండి. బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే తీసేయమనొచ్చు, 2022 జూలైలో వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది స్వచ్ఛందమే.

తిరుగు వందేభారత్ యశ్వంతపూర్‌లో మధ్యాహ్నం 2.45 ప్రాంతంలో బయల్దేరుతుంది కాబట్టి పొద్దున లేవడానికి తొందర లేదు. మిగిలిన బీరును ఇంటికి తేవాలనే ఆలోచన మానుకోవాలి. వడకట్టని తాజా బీరు మన 40 డిగ్రీల ఎండలో చెడిపోతుంది, పైగా రోడ్డు మీద వస్తే సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దారిలోనే ఉంది.