తీరం నుంచి తిమింగలాలు చూడటానికి కొన్న 8×42 బైనాక్యులర్స్

జూన్‌లో వస్తే గట్టు మీద నిలబడే తిమింగలాలను చూడవచ్చని సిడ్నీలో ఉంటున్న మా అమ్మాయి పిలిచినప్పుడు, ప్రయాణానికి నెల ముందే చెన్నై మౌంట్ రోడ్డులోని ఒక కెమెరా దుకాణంలో 14,000 రూపాయలు పెట్టి ఈ బైనాక్యులర్స్ కొన్నాను. దుకాణంలోని అబ్బాయి మాత్రం 12×50 తీసుకోమని పట్టుబట్టాడు. "పన్నెండు రెట్లు దగ్గరికి తెచ్చేది ఉండగా ఎనిమిదెందుకు సార్?" అన్నాడు. రెండింటినీ గుమ్మం దగ్గరికి తీసుకువెళ్లి రోడ్డుకు అవతల ఉన్న బోర్డు చదివి చూశాను. పన్నెండు రెట్లలో అక్షరాలు పెద్దవిగానే కనిపించాయి గాని, నా చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి అవి ఒక్క క్షణమైనా కుదురుగా నిలవలేదు. అరవై దాటినవారికి ఆ ఒక్క పరీక్ష చాలు.

42 అనేది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు. 12×50లో అది 4.2కు తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ఈ తేడా తెలియదు గాని, సిడ్నీలో జూన్ చలికాలం కాబట్టి సాయంత్రం ఐదింటికే పొద్దు వాలిపోతుంది, అప్పుడు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది చూపు మేర. దీనిలో కిలోమీటరు దూరాన 142 మీటర్ల వెడల్పు సముద్రం ఒకేసారి కనిపిస్తుంది. చెట్టో గోపురమో గుర్తుగా లేని నీటి మీద ఆ వెడల్పే ఆధారం. బయలుదేరేముందు నేనూ మా ఆవిడా పట్టినపాక్కం తీరంలో నాలుగు ఉదయాలు అలల మధ్య లేచి పడే చేపల పడవలను దీనితో వెంబడిస్తూ చేయి కుదుర్చుకున్నాము.

సిడ్నీలోని బాటనీ బే అనే అఖాతానికి దక్షిణాన ఉన్న కేప్ సోలాండర్ అనే రాతి గట్టు తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయం ఎండ నీటి మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది గనుక, సూర్యుడు వెనక్కి మళ్లిన మధ్యాహ్నమే ఈ అద్దాలకు అనువైన వేళ. అంటార్కిటికా నీళ్ల నుంచి క్వీన్స్‌లాండ్ వెచ్చని సముద్రానికి సుమారు 5,000 కిలోమీటర్లు ఈదే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఆ నెలలో ఉత్తరంగా సాగిపోతూ ఉంటాయి. వేట వల్ల ఒకప్పుడు కొన్ని వందలకు పడిపోయిన ఈ సంతతి, 1963లో వేట ఆగిన తరువాత, 2022లో ఆస్ట్రేలియా తన ప్రమాదపు జాబితా నుంచి తొలగించేంతగా పెరిగింది. మాకు అరగంటలోనే మొదటిది కనిపించింది.

అయితే దాన్ని కనిపెట్టింది బైనాక్యులర్స్ కాదు, మా ఆవిడ కళ్లు. నీటి మీద తెల్లని ఆవిరి పొగలా లేచి గాలికి చెదిరిపోయింది. చూపు మరల్చకుండా అద్దాలను కళ్లకు ఆనించాలి. కిందికి చూసి వెతుక్కుంటే చోటు తప్పిపోతుంది. మూడు నాలుగుసార్లు ఊపిరి వదిలాక వీపు విల్లులా వంగి, తోక పైకి లేచింది. తోక అంచు నుంచి నీరు దారాలుగా కారడం, అడుగు భాగంలోని తెల్లని మచ్చలు స్పష్టంగా కనిపించాయి. అల్లుడి 12×50లో అదే తోక పెద్దదిగా ఉన్నా, ఆయన దాన్ని అద్దంలోకి తెచ్చుకునేలోపే మునిగిపోయింది.

కళ్లజోడుతో చూసేవారు కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి తిప్పుకుంటే అంచులు కత్తిరించినట్లు కాకుండా చిత్రం మొత్తం కనిపిస్తుంది. గొంతు చుట్టూ వేసుకునే పట్టీ మాత్రం నాసిరకం. మూడో రోజుకే కుట్టు ఊడింది, తిరిగివచ్చాక అడిగితే పట్టీకి వారంటీ లేదన్నారు. పెరంబూరులో చెప్పులు కుట్టేవాడు మందపు దారంతో 60 రూపాయలకు కుట్టి ఇచ్చాడు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.