యమహా బాన్షీ 350: ఎనిమిదేళ్లు నడిపాక

తెనాలిలో మా బాబాయికి రాజ్‌దూత్ 350 ఉండేది. అది సందు మలుపు తిరగక ముందే నీలిపొగ వాసన మా వాకిట్లోకి వచ్చేసేది. పెట్రోలు ఖర్చు భరించలేక ఎప్పుడో అమ్మేశాడు కానీ, బోరు (సిలిండర్ వెడల్పు) 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 54, మొత్తం 347 సీసీ అని ఆ ఇంజన్ కొలతలు మాత్రం నాతో ఎక్కాల్లాగా వల్లె వేయించాడు. 2017లో అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటూ పాత క్వాడ్ బైకుల (ఇసుకలో, మట్టిలో నడిపే నాలుగు చక్రాల బళ్లు) గురించి చదువుతుంటే యమహా బాన్షీ కొలతలు కంటపడ్డాయి. 64, 54, 347. రాజ్‌దూత్‌ది గాలికి చల్లారే ఇంజన్, దీనిది నీళ్లతో చల్లారేది. అంతకుమించి వంశం ఒకటే. రెండు వారాల్లో బండి మా గరాజ్‌లో ఉంది.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అమెరికాలో ఈ బండిని 1987 మోడల్ నుంచి 2006 దాకా అమ్మారు. రెండు సిలిండర్ల టూస్ట్రోక్, రెండు కార్బ్యురేటర్లు, ఆరు గేర్లు, చేతి క్లచ్. సెల్ఫ్ లేదు, కిక్కే. రివర్స్ లేదు. ఆయిల్ పంపు కూడా లేదు, పెట్రోల్లో ఆయిల్ మనమే కలిపి పోయాలి. బాన్షీ అంటే ఐరిష్ కథల్లో చావుకు ముందు వచ్చి ఏడ్చే ఆడదయ్యం. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) బాగా పెరిగినప్పుడు దీని అరుపు విన్నవాళ్లెవరూ ఆ పేరు ఎందుకు పెట్టారని అడగరు.

నాది 2004 బండి, 2,800 డాలర్లకు కొన్నాను. అమ్మినాయన సైలెన్సర్లు మార్చేసి, ఎయిర్‌బాక్స్ (గాలి ఫిల్టరు ఉండే పెట్టె) మూత తీసి పక్కన పడేశాడు. "రాకెట్‌లా పోతుంది" అన్నాడు. నిజంగానే పోయింది, రెండుసార్లు. మూడోసారి నాలుగో గేరులో ఫుల్ థ్రాటిల్ మీద ఉండగా ఇంజన్ శబ్దం సన్నబడింది. ఏమిటా అనుకునేలోపే వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. చెయ్యి క్లచ్ మీదే ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ సమీక్ష రాసేవాణ్ని కాదు.

ఇంటికి తెచ్చి కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూస్తే కుడి సిలిండర్ 122 పీఎస్‌ఐ, ఎడమది 90. హెడ్డు విప్పితే ఎడమ పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు గోళ్లతో రక్కినట్టు గీతలు. నేను వెంటనే కొత్త పిస్టన్లు ఆర్డర్ చేయబోయాను. ఆఫీసులో ఒక పాత టూస్ట్రోక్ మనిషి ఆపాడు. ఒక పిస్టనే ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది వేస్తే అదీ పోతుందన్నాడు. పాత బాన్షీ గురించి నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక భాగం ఆ ఒక్క మాటే.

టూస్ట్రోక్‌లో క్రాంక్‌కేసు (సిలిండర్ల కింద క్రాంక్ తిరిగే పెట్టె) కూడా గాలి చొరబడకుండా ఉండాలి. ఎక్కడ చిన్న సందు ఉన్నా దొంగగాలి లోపలికి పోతుంది, పెట్రోలు వంతు తగ్గుతుంది, దాంతోపాటే ఆయిల్ వంతూ తగ్గుతుంది. వేడెక్కిన పిస్టన్ గోడను పట్టేస్తుంది. ఈ బండికి సందులు పడే చోట్లు అందరికీ తెలిసినవే: కార్బ్యురేటర్లకూ సిలిండర్లకూ మధ్య ఉండే రబ్బరు బూట్లు, ఆ రెండింటినీ కలిపే చిన్న అడ్డగొట్టం, క్రాంక్‌కు రెండు చివర్ల ఉన్న ఆయిల్ సీళ్లు. కుడి సీలు పోతే గేరుబాక్సు ఆయిల్‌ను పీల్చుకుని తెల్లపొగ వదులుతుంది కాబట్టి తెలిసిపోతుంది. ఎడమ సీలు పోతే పీల్చేది గాలి. పొగ ఉండదు, చప్పుడు ఉండదు, ఒకరోజు బిగుసుకుంటుంది.

లీకు చూడ్డానికి లోపలికి 6 పీఎస్‌ఐ గాలి ఎక్కించి ఆరు నిమిషాలు ముల్లు చూడాలి. ఆ పరికరం కొనడం దేనికని, సైలెన్సర్ రంధ్రాలకూ బూట్లకూ హార్డ్‌వేర్ షాపులో దొరికే రబ్బరు బిరడాలు బిగించి, ఒకదాని గుండా ట్యూబు దించాను. గాలి కొట్టడానికి ఏముందా అని చూస్తుంటే, అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ బీపీ మిషను కనిపించింది, పాతకాలపు రబ్బరు బుడ్డిది.

"నా మిషనుతో బండికి బీపీ చూస్తావుట్రా?" అంది అమ్మ.

"దీనికీ నీలాగే నిలకడ లేదమ్మా" అన్నాను.

ఒక చిక్కొచ్చింది. బీపీ గేజి 300 దాకానే చూపిస్తుంది, 6 పీఎస్‌ఐ అంటే ఆ లెక్కలో 310. చివరికి బుడ్డి మాత్రం అమ్మది, గేజి 15 పీఎస్‌ఐది కొన్నాను. గాలి ఎక్కించి వదిలేస్తే రెండు నిమిషాల్లో ముల్లు నాలుగుకు దిగింది. సబ్బునీళ్లు చల్లుకుంటూ పోయాను. అడ్డగొట్టం మొదట్లో ఆవగింజంత బుడగలు. ఎడమ కవరు విప్పి ఫ్లైవీల్ వెనక చల్లితే అక్కడ నురగే. దొంగ దొరికాడు. సీలు ఎండి గోరుతో గీరితే పొడి రాలుతోంది. పదమూడేళ్ల రబ్బరు కదా.

ఆ సీళ్లూ బూట్లూ అన్నీ మార్చి, రెండు సిలిండర్ల లోపలి గోడలూ చెక్కించి 64.50కి బోరు చేయించాను. బోరుకు ఇచ్చేముందు పిస్టన్లు కొని లేత్ షాపువాడి చేతిలో పెట్టండి. వాడు పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి గానీ, ముందే చేసేసిన బోరులోకి ఏదో పిస్టన్ దూర్చకూడదు. అన్నీ కలిపి పదకొండు వందల డాలర్లు దాటింది. అప్పటినుంచి ప్రతి అక్టోబరులో సీజన్‌కు ముందు ఆ 6 పీఎస్‌ఐ పరీక్ష చేస్తాను. ఇంజన్ మళ్లీ సీజ్ కాలేదు.

తర్వాతది జెట్లు, అంటే కార్బ్యురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాల ముక్కలు. అంకె పెద్దదైతే రంధ్రం పెద్దది. కంపెనీ మెయిన్ జెట్ 200. అది మూత ఉన్న ఎయిర్‌బాక్సుకూ, కంపెనీ సైలెన్సర్లకూ లెక్కేసి పెట్టింది. గాలి దారి రెండువైపులా తెరిచేసి పెట్రోలు దారి అలాగే ఉంచితే ఏమవుతుందో పైన చెప్పాను. నా బండి 280 దగ్గర కుదిరింది. కుదిరిందని ఎలా తెలుస్తుందంటే, కొత్త ప్లగ్గులు వేసి, ఫుల్ థ్రాటిల్ మీద కాసేపు లాగి, క్లచ్ నొక్కి, అక్కడికక్కడే ఇంజన్ ఆపేసి ప్లగ్గులు విప్పి చూడాలి. పింగాణీ తెల్లగా ఉంటే ప్రమాదం, తడిసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. పలచటి టీ రంగు రావాలి. చలికాలం తెల్లవారుజామున గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఒక సైజు పెద్దది, ఎత్తుకు పోతే చిన్నది. ఏడువేల అడుగుల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్లినప్పుడు 260 వేసినా ఇంకా గొణుగుతూనే ఉంది. ఆయిల్ నేను 32:1 కలుపుతాను, అయిదు గాలన్లకు 20 ఔన్సులు. "ఇంకొంచెం పోస్తే ఇంజన్‌కు మంచిదేగా" అని ఎక్కువ పోసేవాళ్లుంటారు. ఆ జెట్టులోంచే పెట్రోలుకు బదులు ఆయిల్ పోతుంది కాబట్టి మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది. మేలు చేయబోయి కీడు చేసినట్టే.

టోర్స్ గురించి ఒక మాట చెప్పాలి. మనం థ్రాటిల్ వదిలినా కార్బ్యురేటర్ స్లైడు (గాలి దారి తెరిచి మూసే ముక్క) పైనే ఇరుక్కుపోతే కరెంటు కట్ చేసే రక్షణ ఏర్పాటు ఇది. మంచిదే. కానీ వయసు మీదపడ్డాక స్విచ్చులు తడబడి, అంతా బాగున్నప్పుడు కూడా ఇంజన్‌ను నొక్కేస్తాయి. జెట్టు తప్పనుకుని నెల రోజులు కార్బ్యురేటర్లే విప్పుతూ కూర్చున్నాను, తీరా చూస్తే ఇదీ. చాలామందిలాగే నేనూ తీసేశాను. తీసేసేవాళ్లు మణికట్టుకు కట్టుకునే తాడు స్విచ్చు తప్పక పెట్టించుకోండి, మనిషి పడితే తాడు లాగి ఇంజన్ ఆగాలి. మరో సంగతి, రెండు కార్బ్యురేటర్ల స్లైడ్లూ ఒకేసారి లేవాలి. నేను రెండింట్లో చెరో వేలు పెట్టి థ్రాటిల్ మెల్లగా నొక్కిస్తాను. ఒకటి జానెడు ముందు కదిలినట్టు వేలికే తెలిసిపోతుంది, జానెడు అనడం అతిశయోక్తే అనుకోండి.

నడక గురించి చెప్పాలంటే, ముందు వైపు వెడల్పు తక్కువ, మలుపుల్లో లోపలి చక్రం లేస్తుంది. పక్కకు రెండేసి అంగుళాలు ఎక్కువ పొడవున్న ఏ-ఆర్ములు (ముందు చక్రాలను ఫ్రేముకు కలిపే చేతులు) వేశాక ఆ భయం పోయింది. ఇంజన్ మీద పెట్టిన ఖర్చు కన్నా ఇదే ముందు పెట్టాల్సింది. టైర్లలో గాలి నాలుగు, అయిదు పీఎస్‌ఐ మాత్రమే. కారు గేజి ఆ అంకెలు సరిగా చూపించదు, లీకు పరీక్షకు కొన్న గేజే ఇక్కడా పనికొచ్చింది.

చలికాలం రెండు నెలలకోసారి గ్లామిస్ ఇసుక దిబ్బలకు వెళ్తాం. ఐ-8 మీద యూమా దాటి, ఓగిల్‌బీ రోడ్డెక్కి 78వ హైవే. ఆ ఇసుక దిబ్బలు కాలిఫోర్నియాలో ఉన్నాయి గానీ మాకు మూడున్నర గంటల దూరమే. నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున జెండా కర్ర లేకుండా అక్కడ బండి దించకూడదు, దిబ్బ అవతలినుంచి వచ్చేవాడికి ముందు కనిపించేది ఆ జెండానే. వెనక తెడ్ల టైర్లు (ఇసుకను తోసే పలకలున్నవి) వేసి, మూడో గేరులో అక్కడి ఓల్డ్స్‌మొబైల్ హిల్ అనే పెద్ద దిబ్బ ఎక్కుతుంటే మొదట బద్ధకంగా ఉంటుంది. సగం ఆర్‌పీఎం దాటాక ఎవరో వెనకనుంచి తన్నినట్టు దూకుతుంది. ఈ బండి కొనేవాడు కొనేది ఆ ఒక్క తాపునే. మధ్యలో థ్రాటిల్ వదిలి తడబడ్డారా, కొండ మధ్యలో ఆగిపోతారు. రివర్స్ లేదు కాబట్టి దిగి, ఇసుకలో బండిని చేత్తో తిప్పుకోవాలి. సుమారు 175 కిలోలు.

ఇసుక అన్నింటినీ తింటుంది. రైడ్ నుంచి వచ్చిన రాత్రే ఫోమ్ ఫిల్టరు కడిగి ఆయిల్ పట్టించాలి, మూతి చుట్టూ గ్రీజు రాయాలి. వెనక యాక్సిల్ పెద్ద నట్లు వదులవడం దీనికి పుట్టుకతో వచ్చిన అలవాటు, లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించినా ప్రతి ట్రిప్పు ముందూ చెయ్యి వేసి చూస్తాను. స్వింగ్‌ఆర్మ్ (వెనక యాక్సిల్‌ను ఫ్రేముకు కలిపే చెయ్యి) బోల్టు ఏడాదికోసారి బయటికి లాగి గ్రీజు పెట్టకపోతే తుప్పుతో అతుక్కుపోతుంది, తర్వాత సుత్తికి కూడా రాదు. మే నెలలో చాండ్లర్ ఎండకు బండి తీయలేం కాబట్టి కార్బ్యురేటర్లు పూర్తిగా ఖాళీ చేసి పెడతాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఒక్క వేసవి నిల్వ ఉంటే పైలట్ జెట్టు (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలిచ్చే సన్న రంధ్రం) పూడుకుపోతుంది.

కొనమంటారా అని అడిగితే, వారాంతంలో తాళం తిప్పి నడిపి వచ్చేయాలనుకునేవాళ్లకు వద్దనే చెబుతాను. మా ఫ్రెండ్ దగ్గరున్న యమహా క్వాడ్ రాప్టర్ 700కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, సెల్ఫ్ ఉంది, రివర్స్ ఉంది. వాడు గ్లామిస్‌లో దిగి పది నిమిషాల్లో దిబ్బ మీద ఉంటాడు, నేను అప్పటికింకా ప్లగ్గులు చూసుకుంటుంటాను. కొనేవాళ్లు మాత్రం కంప్రెషన్ గేజి జేబులో పెట్టుకుని వెళ్లండి. రెండు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువుంటే రీబోరు ఖర్చు ధరలో తగ్గించమనండి. మెరిసే ప్లాస్టిక్‌లకు పడిపోకండి.

పోయిన డిసెంబరులో బాబాయి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్లు. గరాజ్‌లో బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సిలిండర్ల మీద చెయ్యి వేసి, "ఏరా, దీనికి ముందు బ్రేకు పడుద్దా?" అన్నాడు. రాజ్‌దూత్‌కు ముందు డ్రమ్ము బ్రేకు, దాన్ని నమ్ముకుని ఒకసారి మార్కెట్ దగ్గర ఎద్దుబండిలోకి వెళ్లిపోయాడట. ముందు రెండు చక్రాలకూ డిస్కులు చూపించాను. బండిని ముందుకు తోయించి, లివరు తనే నొక్కి చూశాడు. ఇంకోసారి తోయమన్నాడు. అప్పుడుగానీ కిక్కు మీద కాలు పెట్టలేదు.