నేలపట్టుకి వ్యాను ప్యాకేజీలో మాత్రం వెళ్లొద్దు

తలకు 900 తీసుకున్న వ్యానువాడు సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల అభయారణ్యంలో మాకిచ్చింది ముప్పావుగంట. అదీ పదకొండున్నరకి, మాడు పగిలే ఎండలో. డబ్బు కట్టించుకునేటప్పుడు "తెల్లారేసరికి చెరువుగట్టు మీదుంటారు సార్" అన్నాడు. తీరా బయల్దేరాక టిఫినుకి ఒకచోట ఆపి, ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకోవడానికి సూళ్లూరుపేట వీధులన్నీ తిప్పాడు. అడిగితే "పక్షులెక్కడికి పోతాయి సార్" అని కసిరాడు. పోతాయి! గూడబాతులు (పెలికాన్లు) చేపల కోసం పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోతాయి. ఎండ ముదిరాక చెట్ల మీద మిగిలినవి కదలక మెదలక కునుకు తీస్తుంటాయి. బావ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు చీకటితోనే ఆటో మాట్లాడుకున్నాం. రానుపోను, ఆగినంతసేపూ కలిపి 800. ఇంటిల్లిపాదికీ వ్యాను ఖర్చులో సగం కూడా కాలేదు.

చెరువులో ఉన్నవన్నీ కడప చెట్లే. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగున్నా చావవు. కింద నీళ్లుంటే నక్కలూ పిల్లులూ గూళ్ల దాకా రాలేవు కాబట్టి గూడబాతులు, నత్తగొట్టు కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు ఒకే చెట్టు మీద అంతస్తులుగా కాపురం పెడతాయి. వాచ్‌టవరెక్కి చూస్తుంటే ఒక గూడబాతు మా ఎదురుగా వచ్చి వాలింది. అది రెక్కలు ముడవకముందే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చేసింది. తల్లిని కొమ్మ మీద నిలవనీయకుండా ఒకటే గుంజుడు. బైనాక్యులర్స్ అమ్మ చేతికిస్తే మళ్లీ మా చేతికి రాలేదు.

వాసన మాత్రం ఘాటుగానే ఉంటుంది. ఆ రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకి మంచి ఎరువు. అందుకే 1976లో అభయారణ్యంగా ప్రకటించక ముందునుంచీ ఊరివాళ్లే ఈ పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చారు. అలాంటి చోటికి కొందరు స్పీకర్లు మోసుకొచ్చి పాటలు పెట్టారు. అటవీశాఖ వాచర్ వచ్చి ఆపించాడు, ఆయనకి దండం పెట్టాలి.

శ్రీహరికోట రోడ్డులో ఫ్లెమింగోలు కనబడ్డాయి గానీ చాలా దూరం.

వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. సంక్రాంతి సెలవులు, ఫ్లెమింగో పండగ రోజులు వదిలెయ్యండి, టవరు మీద నిలబడే చోటుండదు. బస సూళ్లూరుపేటలోనే. మా గది 1,400, శుభ్రంగా ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా లాడ్జి గేటు తీసి పెడతారా లేదా అన్నది ముందే అడిగి మరీ గది తీసుకోండి.