మస్సిమాల్ సీసా: మందుకి ఐదు స్టార్లు, గొట్టాలకి రెండే

ఎలుకల మెదడులో ఒక భాగాన్ని కాసేపు ఆపి చూసే నా ప్రయోగం కోసం కొన్న మందు మస్సిమాల్. సీసాలో ఉన్నది 5 మిల్లీగ్రాములు. అడుగున అంటుకున్న కాస్త తెల్లటి పొడి, అంతే. ధర నా స్టైపెండ్‌లో సగానికి దగ్గర. ఖాళీ సీసా పంపారేమోనని టెన్షన్ పడ్డాను. తర్వాత లెక్క వేస్తే నవ్వొచ్చింది. మైక్రోలీటర్‌కి 1 మైక్రోగ్రామ్ చొప్పున సెలైన్‌లో కలిపితే 5 మిల్లీలీటర్లు వస్తుంది. ఎలుక మెదడులో ఒక్కో వైపు ఎక్కించేది అర మైక్రోలీటర్. అంటే రెండు వైపులకీ కలిపి 5000 డోసులు! నా పీహెచ్‌డీ అయిపోయినా సీసా అయిపోదు. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో దాచాను.

"ఇవాళ ఎలుకలకి మందు పెట్టావా అమ్మా?" అని మా అమ్మ ఫోన్‌లో అడుగుతుంది. మా తెనాలిలో ఎలుకల మందంటే ఒకటే అర్థం. ఇది అది కాదు. ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే పుట్టగొడుగు, అమనిటా మస్కేరియాలో దొరికే పదార్థం. న్యూరాన్ల (మెదడు కణాల) మీద వాటిని శాంతపరిచే స్విచ్‌ల లాంటి గాబా-ఎ రిసెప్టర్లుంటాయి. వాటికి అతుక్కుని, పడిన చోట న్యూరాన్ల నోరు మూయిస్తుంది, చంపదు. నేను ఎక్కించేది దారులు గుర్తుపెట్టుకునే మెదడు భాగం, హిప్పోకాంపస్ పైభాగంలో. నీళ్ల తొట్టిలో కనబడకుండా మునిగి ఉన్న ప్లాట్‌ఫాం ఎక్కడుందో బాగా నేర్చిన ఎలుకకి ఇచ్చి, అరగంట ఆగి వదిలాను. ఊరికి కొత్తగా వచ్చినవాడిలా గోడ వెంటే తిరిగింది. రెండు రోజులాగి సెలైన్ ఇచ్చి వదిలితే తిన్నగా ప్లాట్‌ఫాం దగ్గరికే! ఆ రెండో ఈత కోసం ఎంత పెట్టినా తప్పులేదనిపించింది. ఆ భాగాన్ని శాశ్వతంగా పాడుచేసే పాత పద్ధతిలో ఇది కుదరదు. ఇక్కడ ఎలుకని దానితోనే పోల్చుకోవచ్చు కాబట్టి, ఎథిక్స్ కమిటీకి ఎలుకల సంఖ్య తగ్గించి రాయగలిగాను.

మా సీనియర్ లిగ్నోకెయిన్ వాడమన్నాడు. పళ్ల డాక్టర్ చిగుళ్లలో ఇచ్చేదే, చవక. కానీ అది నరాల్లో సంకేతాలు నడవడానికి కావాల్సిన సోడియం ఛానళ్లని మూసేస్తుంది, కాబట్టి ఆ దారిన వెళ్లే నరాల తంతువులూ ఆగిపోతాయి. మస్సిమాల్ అక్కడ కాపురమున్న న్యూరాన్లనే ఆపుతుంది, దారిన పోయేవాళ్ల జోలికి పోదు. లోటు లేదనను. లిగ్నోకెయిన్ గంటలోపే దిగిపోతుంది, ఇది మాత్రం గంటల తరబడి ఉంటుంది. ఎంత దూరం పాకిందో కంటికి కనబడదు. మెరిసే రంగు తగిలించిన రకం ఉంది గానీ, దాని అణువు పెద్దది, మామూలు దానంత దూరం పాకదు.

ఇక గొట్టాలు. మందుని మెదడులోకి చేర్చే సన్న గొట్టాల సెట్, అంటే క్యాన్యులా కిట్, వేరే డీలర్ దగ్గర కొన్నాను, పేరు వద్దు. తలకి బిగించే 26 గేజ్ గైడ్ గొట్టం, అందులోంచి 1 మిల్లీమీటర్ బయటికి రావాల్సిన, ఇంకా సన్నటి 33 గేజ్ ఇంజెక్టర్ సూది. మొదటి నాలుగు ఎలుకలకి మందు ఎక్కించినా ఈతలో తేడా లేదు. మందు పాడైందని ల్యాబంతా చాటాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! చివరికి మెదడు స్లైసులు చూస్తే సూది మొన గైడ్ అంచు దగ్గరే, పైనున్న కార్టెక్స్‌లోనే ఆగిపోయింది. ఇంజెక్టర్లు పొట్టివి. నాలుగు ప్రాణాలు, రెండు నెలల ట్రైనింగ్ ఊరికే పోయాయి. డీలర్‌కి ఫోన్ చేస్తే "స్టాండర్డ్ సైజే మేడమ్" అన్నాడు.

కొనేవాళ్లు ప్రతి ఇంజెక్టర్‌నీ గైడ్‌లో పెట్టి మైక్రోస్కోప్ కింద చూసుకోండి. పంపు నుంచి సూదికి వెళ్లే ట్యూబులో, వెనకున్న నీటికీ ముందున్న మందుకీ మధ్య చిన్న గాలి బుడగ వదిలి, పక్కన మార్కర్‌తో గీత పెట్టండి. పంపు తిరుగుతున్నా బుడగ కదలకపోతే సూది మూసుకుపోయినట్టే. నేను నిమిషానికి పావు మైక్రోలీటర్ చొప్పున ఎక్కించి, అయ్యాక ఇంకో రెండు నిమిషాలు సూదిని కదపను. తొందరపడి లాగితే మందు దాని వెంటే పైకి వచ్చేస్తుంది.

గొడవ పెట్టుకున్నాక డీలర్ కొత్త సెట్ పంపాడు. పన్నెండులో మూడు మళ్లీ పొట్టివే.